పీటకి చెక్క కావాలన్నా దూలమే కొనాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

మన గోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టుకునేవాళ్ళకి కలప కొనడం పెద్ద కష్టం కాదు. రాజమహేంద్రవరం, తణుకు, భీమవరం, అమలాపురం, ఎటు వెళ్ళినా టింబర్ డిపోలున్నాయి. ద్వారబంధాలు ఇన్ని, కిటికీలు ఇన్ని అని మేస్త్రీ రాసిచ్చిన చీటీ చూపిస్తే కోసి, బండికెత్తి పంపిస్తారు. అదే డిపోకి వెళ్ళి రెండడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉన్న గట్టి చెక్క ఒక్కటి కావాలని అడగండి. "ముక్కలు అమ్మం" అన్న జవాబు వస్తుంది. డబ్బిచ్చి కొంటామన్నా చిన్న పని చేసుకునేవాళ్ళకి కలప దొరకని ఈ పరిస్థితి మారాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది పెనుగొండ దగ్గర ఒక పల్లె. మా నాన్నగారు వడ్రంగి. మొదట్లో నాగళ్ళు, బండి చక్రాలు చేసేవారు. ట్రాక్టర్లు వచ్చాక తలుపులు, కిటికీలకి మారారు. ఇప్పుడు బాడిస ఎత్తే ఓపిక లేదు గానీ, చెక్క చేతిలో పెడితే ఏ చెట్టుదో చెప్పేస్తారు. ఆయన ఉలులు, చిత్రిక, బరమా నా చేతికొచ్చాయి. సాయంత్రం పిల్లలకి ట్యూషన్లు చెప్తాను, మధ్యాహ్నం పూట చెక్కపని చేస్తాను. పీటలు, కవ్వాలు, అప్పడాల కర్రలు, దేవుడి మందిరాలు, నడక నేర్చుకునే పిల్లలకి మూడు చక్రాల బండ్లు, పుస్తకం పెట్టుకుని చదివే వ్యాసపీఠాలు. తరిమెన (చెక్కని తిప్పుతూ గుండ్రంగా చెక్కే సాధనం) పట్టే పెద్దాయన ఒకరు పక్క ఊళ్ళో ఉన్నారు, గుండ్రటి పని ఆయన చేసిపెడతారు. చెప్పుకోదగ్గ వ్యాపారం కాదు. కానీ చేసినవన్నీ అమ్ముడుపోతున్నాయి. ప్లాస్టిక్ బండి కన్నా చెక్క బండి కావాలని అడిగే తల్లిదండ్రులు ఇప్పుడు మళ్ళీ కనిపిస్తున్నారు. అడిగినన్ని చేయలేకపోవడానికి కారణం చేతకాక కాదు, చెక్క చేతికందక.

నాకు కావలసిన కలప ఎంతో ఒక్క లెక్క చెప్తాను. కోసిన కలపని డిపోల్లో ఘనపుటడుగుల్లో కొలుస్తారు, మామూలుగా "అడుగు" అనేస్తారు. పొడవు అడుగుల్లో, వెడల్పు మందం అంగుళాల్లో తీసుకుని, మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఆ అడుగు వస్తుంది. వ్యాసపీఠం ఒకే చెక్కతో చేసే పని. మధ్యలో పళ్ళు కోసి, అదే చెక్కని రెండుగా విడదీసి, మడత తిరిగేలా చేస్తాం, బందులు కొట్టం. దానికి అడుగున్నర పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు, అంగుళం మందం చాలు. గుణిస్తే పన్నెండు, 144తో భాగిస్తే అడుగులో పన్నెండో వంతు. అంటే తరుగు పక్కన పెడితే ఒక్క అడుగు కలపతో పన్నెండు వ్యాసపీఠాలు. నేను ఒక నెలలో చేసేవాటికి అడుగున్నర కలప చాలా ఎక్కువ. డిపోలో నాకు చూపించే చెక్క పది అడుగుల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉంటుంది. లెక్క కడితే ఒక్క చెక్కే అడుగున్నర దాటుతుంది. టేకు అడుగు వేలల్లో ఉన్న రోజుల్లో అంత డబ్బు ఒకేసారి పెట్టి, రెండంగుళాల దాన్ని మళ్ళీ మిల్లులో నిలువునా కోయించి, ఆ కోతలో కొంత, చిత్రికలో కొంత పోగొట్టుకుని వాడుకోవాలి. కొన్న కలపలో నా పనికొచ్చేది ఎంతో మీరే ఊహించండి.

డిపో వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒకాయన నాతో చెప్పిన మాట న్యాయంగానే ఉంది. "అమ్మా, ఏడడుగుల చెక్కలో నీకు రెండడుగులు కోసిస్తే మిగిలిన అయిదడుగులు తలుపుకి పనికిరాదు. దాన్ని ఎవరికి అమ్మాలి?" అన్నారు. ఆయన వ్యాపారం తలుపులతో, గుమ్మాలతో నడుస్తోంది, ఆ కొలతలకి తగ్గితే ఆయనకి నష్టం. కానీ అదే డిపో వెనక, దాని పక్కనే ఉన్న సామిల్లులో, రోజూ అడుగు, అడుగున్నర, రెండడుగుల ముక్కలు గుట్టలు పడుతున్నాయి. ద్వారబంధం కొలతకి కోశాక మిగిలిన కొసలు, అంచులు సరిచేసినప్పుడు వచ్చే పట్టీలు. మంచి చేవ (మాను లోపలి ముదురు, గట్టి భాగం) ఉన్న టేకు, మద్ది, వేగిస ముక్కలు అందులో ఉంటాయి. అవి ఏమవుతున్నాయో తెలుసా? బెరడు చెక్కలతో, చెత్తతో కలిపి ట్రాక్టరు లెక్కన హోటళ్ళ పొయ్యిలకీ ఇటుక బట్టీలకీ వెళ్తున్నాయి. నేను వాటిలోంచి ఏరుకుంటానంటే ఒక మిల్లులో ఒప్పుకున్నారు, ఇంకో మిల్లులో కూలీలకి అడ్డం అని గేటు దగ్గరే ఆపేశారు. ఆడపిల్ల మిల్లులో తిరగడమేంటని ఒకరు నా ముఖం మీదే అన్నారు. ఆ మాట ఇక్కడ రాయడం ఎందుకంటే, నాలాగే పని నేర్చుకున్న అమ్మాయిలు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు, వాళ్ళూ ఆ గేటు దగ్గర ఆగిపోతున్నారు.

నేను సామిల్లుల యజమానులని కోరేది చిన్నది. అడుగు కన్నా పొడవు, మూడంగుళాల కన్నా వెడల్పు ఉన్న గట్టి కర్ర ముక్కని కట్టెల గుట్టలో వేయకుండా పక్కన ఒక అరలో వేయించండి. దాని మీద సుద్దముక్కతో ఏ కర్రో రాయించండి. వారంలో ఒక పూట అమ్మండి. కట్టెలకి వచ్చే ధర కన్నా రెండు మూడింతలు ఇచ్చి కొనడానికి మేము సిద్ధం. మీకు అది అదనపు రాబడి, మాకు డిపో ధరలో కొంత భాగంతో అయిపోయే కొనుగోలు. బొమ్మలు చేసేవాళ్ళు, ఫోటో ఫ్రేములు కట్టేవాళ్ళు, పనిముట్లకి పిడులు వేసేవాళ్ళు, ఐటీఐ పిల్లలు, స్కూల్లో ప్రాజెక్టు చేసే పిల్లలు అందరికీ కావలసింది ఆ ముక్కలే.

ధర సంగతి వచ్చింది కాబట్టి కొలత గురించి కూడా చెప్పాలి. చిన్న కొనుగోలుదారు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. "అంగుళం చెక్క" అని అమ్మి, ఇంటికొచ్చి కొలిస్తే ముప్పాతిక అంగుళం ఉంటుంది. అంటే డబ్బులో పావు వంతు లేని కలపకి ఇచ్చినట్టే. ఇల్లు కట్టేవాళ్ళు దాన్ని పట్టించుకోరు, నాకు మాత్రం ఆ పావు అంగుళంతో వ్యాసపీఠం మడత బలం పోతుంది. ఇంకొకటి, తూకం. పచ్చి మొద్దుని కిలోల్లెక్కన కొంటే చాలా చెట్లలో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళకే డబ్బిస్తున్నాం. ఆరిన పాత కర్రయితే తూకం ఫరవాలేదు, పచ్చిదయితే కొలతే అడగాలి. గుండ్రటి మొద్దుకి మన దగ్గర చుట్టుకొలత పద్ధతి ఉంది. చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. నలభై ఎనిమిది అంగుళాల, అంటే నాలుగడుగుల చుట్టు, ఆరడుగుల పొడవు ఉన్న మొద్దు ఈ లెక్కన ఆరు ఘనపుటడుగులు. నిజానికి అందులో ఏడున్నర ఘనపుటడుగులకి పైనే కర్ర ఉంటుంది. ఆ తేడా బెరడుకీ పక్క చెక్కలకీ కోతకీ వదిలేసినట్టు. అంటే మొద్దుగా కొని దగ్గరుండి కోయించుకుంటే, పక్క చెక్కలు కూడా మనవే అయితే, కోసిన చెక్క కొన్నదాని కన్నా చాలా కలిసొస్తుంది. పక్క చెక్కలు మిల్లులోనే వదిలేసి రాకండి. వాటిలో నుంచి గరిటెలు, పిడులు వస్తాయి.

పేర్ల మాయ ఇంకొకటి. టేకు అన్న మాట తగిలిస్తే చాలు, ధర పెరిగిపోతుంది. ఘనా టేకు, ఆఫ్రికా టేకు, నాటు టేకు, గుమ్ముడు టేకు అంటూ ఎన్నో తిరుగుతున్నాయి. గుమ్ముడు టేకు చెట్టు వేరు, టేకు చెట్టు వేరు. అది చెడ్డ కర్ర కాదు, తేలిగ్గా, వంకర పోకుండా ఉంటుంది, బొమ్మలకి బాగుంటుంది. దాని పేరుతో దాన్ని అమ్మితే ఎవరికీ బాధ లేదు. లేత టేకులో బయటి తెల్లటి భాగానికి రంగు పట్టించి చేవ అని అమ్మడం కూడా నేను చూశాను. ఆ తెల్ల భాగాన్ని పురుగు తొలిచేస్తుంది, రెండేళ్ళకి పీట కింద పిండి రాలుతుంది. ఆ పీట చేసిన మనిషి పేరే పోతుంది. కోసిన కలప మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నాం కదా, బిల్లు మీద ఏ కర్రో, ఎంత కొలతో రాసివ్వమని అడిగే హక్కు రెండడుగులు కొనేవాళ్ళకీ ఉంది.

ఇక నా మనసుకి బాగా కష్టం కలిగించే విషయం. డెల్టాలో అడవి లేదు. మనది వరి, కొబ్బరి, చేపల చెరువుల నేల. టేకు, మద్ది లాంటి కలప ఎప్పుడూ పై నుంచే వచ్చింది. పాపికొండల అవతల నరికిన కలపని తెప్పలు కట్టి గోదావరిలో రాజమహేంద్రవరం దాకా తేల్చి తెచ్చేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పడవలకీ దారి అయ్యాయి. మా నాన్నగారి నాన్నగారు కాలవ రేవులో దిగిన దుంగలు కొనేవారట. కానీ అడవి లేకపోయినా మనకి చెట్లు లేవని కాదు. కాలవ గట్ల మీద, రోడ్ల పక్కన నిద్రగన్నేరు, తుమ్మ, వేప, చింత ఉన్నాయి. దొడ్లలో పనస, మామిడి ఉన్నాయి. ఇవన్నీ గట్టి కర్రలే. 216 నంబరు జాతీయ రహదారి వెడల్పులో, ఊరి రోడ్ల వెడల్పులో, గట్టు పనుల్లో ఎన్ని పెద్ద చెట్లు పడ్డాయో మనందరం చూశాం. తుపాను వచ్చిన ప్రతిసారీ ఇంకొన్ని పడతాయి. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో పడిన చెట్ల సంగతి పెద్దవాళ్ళెవరూ మర్చిపోలేదు.

పడిన చెట్టుని ఏం చేస్తున్నారు? పంచాయతీ గానీ, సంబంధిత శాఖ గానీ చెట్టు మొత్తం వేలం వేస్తుంది. పాడుకున్న కాంట్రాక్టరుకి కట్టెల ధరే కావాలి. యంత్రపు రంపంతో రెండడుగులకీ అడుగున్నరకీ ముక్కలు చేసి, గొడ్డలితో చీల్చి లారీకెక్కిస్తారు. మా దగ్గర రోడ్డు పక్క ఒక నిద్రగన్నేరు పడింది. దాని మొదలు ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత. ఆ కర్ర లోపల ముదురు గోధుమరంగులో, నల్లటి చారలతో ఎంత అందంగా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. రెండడుగుల వెడల్పు ఉన్న ఒకే చెక్క ఈ రోజుల్లో ఏ డిపోలోనూ దొరకదు, ఆ చెట్టులో అలాంటివి ఎన్నో వచ్చేవి. నేను వెళ్ళేసరికి మొదలుని నాలుగుగా చీల్చేశారు. పనివాళ్ళని అనలేం. వాళ్ళకి లారీ నింపమని చెప్పారు, నింపారు.

అందుకని పంచాయతీలకీ, రోడ్లు భవనాల శాఖకీ, జలవనరుల శాఖకీ నా విన్నపం. చుట్టుకొలత మూడడుగులు దాటిన మొదలుని వేలం షరతుల్లో విడిగా చూపించండి. దాన్ని కనీసం నాలుగడుగుల దుంగలుగానే కోయాలని రాయండి. ఆ దుంగలని ఒక్కొక్కటిగా పాడుకోనివ్వండి. కొమ్మలు, వంకర ముక్కలు కట్టెలకి పోనివ్వండి, అభ్యంతరం లేదు. ఇలా చేస్తే పంచాయతీకి రాబడి పెరుగుతుందే గానీ తగ్గదు, ఎందుకంటే కోతకి పనికొచ్చే దుంగకి ఎక్కడైనా కట్టెల కన్నా ధర ఎక్కువ.

అటవీ శాఖ డిపోల మాట కూడా చెప్పాలి. అక్కడ కలప పెద్ద లాట్లుగా వేలంలో పోతుంది. ధరావతు కట్టి, లాటు మొత్తం తీసుకుని, లారీ మాట్లాడుకోగలిగేవాళ్ళే పాడగలరు. కేరళ అటవీ శాఖ ఇల్లు కట్టుకునే మామూలు మనుషులకి తన డిపోల్లో టేకుని చిల్లరగా కూడా అమ్ముతోంది. అలాంటి ఏర్పాటు రాజమహేంద్రవరంలో ఎందుకు చేయకూడదు? ఇంటికే కాదు, చేతిపని వాళ్ళకి కూడా అర అడుగు, అడుగు లెక్కన అమ్మే ఒక గది చాలు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులని చేర్చారు, పనిముట్ల కోసం 15,000 రూపాయలు ఇస్తున్నారు, తక్కువ వడ్డీకి అప్పు కూడా ఇస్తున్నారు. చాలా మంచి పని. ఆ పనిముట్లతో కోయడానికి చెక్క కూడా అందుబాటులో ఉండేలా చూస్తేనే ఆ సాయం పూర్తవుతుంది.

చట్టం దగ్గర చిన్నవాళ్ళకి ఉన్న భయం వేరు. చెట్టు కొట్టడానికి 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, కలప తరలింపుకి 1970 నాటి రవాణా నిబంధనలు ఉన్నాయి, సామిల్లులకి 1969 నాటి నిబంధనలున్నాయి. అడవిని కాపాడడానికి అవి ఉండాల్సిందే, దొంగ కలప కొనమని నేను ఎవరికీ చెప్పను. బిల్లు లేని టేకు ఎంత చవగ్గా వచ్చినా మా ఇంట్లోకి రానివ్వలేదు. కానీ మా వీధిలో ఒకరి దొడ్లో పనస చెట్టు ఎండిపోతే, దాన్ని ఆటోలో మిల్లుకి తీసుకెళ్ళడానికి ఎవరి దగ్గర ఏ కాగితం తీసుకోవాలో ఇంటివాళ్ళకీ తెలీదు, ఆటో అబ్బాయికీ తెలీదు. దారిలో ఎవరైనా ఆపుతారేమో అన్న టెన్షన్‌తో ఆ చెట్టుని అక్కడే కట్టెలు కొట్టించేస్తారు. సరుగుడు, సుబాబుల్ రైతులు స్వేచ్ఛగా అమ్ముకుంటున్నారు. మరి పనసకి? మామిడికి? వేపకి? తుమ్మకి? ఏ చెట్టుకి ఏ అనుమతి కావాలి, ఎవరు ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది తెలుగులో ఒక్క పేజీ రాసి ప్రతి గ్రామ సచివాలయం గోడకి అతికిస్తే ఎన్నో మంచి చెట్లు పొయ్యిలోకి పోకుండా మిగులుతాయి.

ఈ మార్పులన్నీ వచ్చేదాకా పని ఆపుకుని కూర్చోలేం కదా. తక్కువ ఖర్చుతో గట్టి కర్ర సంపాదించడానికి మాకు తెలిసిన దారులు, నాలాంటి వాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను.

అన్నిటికన్నా మంచిది పాత ఇళ్ళ కర్ర. డెల్టాలో పెంకుటిళ్ళు, మండువా ఇళ్ళు ఏటేటా పడిపోతున్నాయి, వాటి స్థానంలో మేడలు లేస్తున్నాయి. ఆ ఇళ్ళ దూలాలు, వాసాలు, గుమ్మాలు, భోషాణాల చెక్కలు ఒకప్పటి చేవ కర్ర. కొన్ని ఇళ్ళలో బర్మా టేకు కూడా ఉంటుంది. అక్కడి ప్రభుత్వం 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది, కాబట్టి అలాంటి కర్ర ఇక ఎక్కువగా ఈ పాత ఇళ్ళలోనే చూడాలి. పాత ఇంటి కర్ర కొత్త ఇంటికి పెట్టకూడదని చాలామందికి పట్టింపు ఉంది. పీటకీ పెట్టెకీ ఆ పట్టింపు లేదు. అందువల్ల ఈ కర్ర మనకి కొత్తదాని కన్నా బాగా తక్కువలో దొరుకుతుంది. పైగా దశాబ్దాలుగా ఆరి ఉంటుంది, వానాకాలంలో ఉబ్బినా, ఎండాకాలంలో కుంచించుకుపోయినా పచ్చి కర్రంత ఇబ్బంది పెట్టదు. కొనేటప్పుడు గోడలో కూరుకుపోయి ఉన్న కొసలు చూడండి, చెద మొదలయ్యేది అక్కడే. వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తే వద్దు. ఒక మూల దగ్గర చాకుతో గీకి చూడండి, టేకయితే ఎన్నేళ్ళయినా ఆ నూనె వాసన వస్తుంది. ఇంటికి తెచ్చాక అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతికి మేకులు తీశాకే చిత్రిక పట్టాలి. తుప్పు పట్టి లోపల విరిగిన ఒక్క మేకు చిత్రిక అలుగుని (కోసే ఇనుప పలకని) నాశనం చేస్తుంది. సున్నం, పాత రంగు ఉన్న చోట ముక్కుకి గుడ్డ కట్టుకోండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పిల్లల బొమ్మలకి ఆ పొర పూర్తిగా పోయేదాకా చెక్కాలి.

ఇల్లు కూల్చేవాళ్ళు సాధారణంగా కర్ర మొత్తం ఒకే కాంట్రాక్టరుకి గంపగుత్తగా ఇచ్చేస్తారు. ఆయన పెద్ద దూలాలు, చెక్కిన తలుపులు అమ్ముకుని, విరిగిన వాసాలు కట్టెల్లో కలిపేస్తాడు. మనకి ఆ విరిగిన వాసాలే కావాలి. ఇల్లు కూల్చే ముందే ఇంటివాళ్ళతో మాట్లాడుకోవడం మేలు. నా అనుభవంలో పెద్దవాళ్ళు తమ ఇంటి కర్రతో పీట చేస్తామంటే సంతోషంగా ఇస్తారు, ఒక పీట వాళ్ళకీ చేసిపెట్టమంటారు.

రెండో దారి, నలుగురు కలిసి మొద్దు కొనడం. పనస మొద్దుని మేమిలాగే తీసుకున్నాం. నేనూ, తరిమెన పట్టే పెద్దాయనా, ఫ్రేములు కట్టే ఒకాయనా, బొమ్మలు చేసే ఒక అక్కా. మిల్లులో ముందే మాట్లాడుకుని ఎవరికి ఎంత మందం కావాలో సుద్దతో గీసి ఇచ్చాం. పనస మంచి పసుపు రంగులో కోసుకుంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ బంగారు గోధుమరంగుకి తిరుగుతుంది. బొబ్బిలి, నూజివీడు వీణలు చేసేది ఈ కర్రతోనే. ఉలికి చక్కగా లొంగుతుంది. వేప అలా కాదు. నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, చిత్రిక పడితే లేచిపోతుంది. అలుగు బాగా పదును పెట్టి, పలచగా తీయాలి. కానీ బట్టల పెట్టెకి దాన్ని మించింది లేదు, పురుగు దగ్గరికి రాదు. నల్లతుమ్మ బరువు, గట్టితనం ఎక్కువ, ఒకప్పుడు బండి చక్రాలకి వాడేవారు, ఇప్పుడు నేను ఉలి పిడులకీ సుత్తులకీ వాడుతున్నాను. చింత చేవ దొరికితే వదలకండి, మాంసం కొట్టే మొద్దులు దానితో ఎందుకు చేస్తారో ఒక్కసారి రంపం పెడితే అర్థమవుతుంది. మామిడి అన్నిటికన్నా చవక. కాకపోతే పురుగు పడుతుంది. బోరాక్స్, బోరిక్ పొడి కలిపిన నీళ్ళు పట్టించి ఆరబెడితే నిలుస్తుంది. వంటింటి సామానుకి మాత్రం ఆ మందు పట్టించిన కర్ర వాడొద్దు. ముదురు కొబ్బరి మాను బయటి భాగం కూడా చాలా గట్టిది, మధ్యభాగం మెత్తన. కోనసీమలో కాపు తగ్గి కొట్టేసే చెట్లు ఎన్నో ఉన్నాయి. ఆ బయటి చెక్కతో ట్రేలు, పిడులు చేసి చూశాను, నల్లటి చుక్కల చారలతో బాగా వస్తున్నాయి.

పచ్చి కర్ర తెచ్చాక ఆరబెట్టడంలో తొందర వద్దు. కోసిన రోజే రెండు కొసలకీ మైనం గానీ పాత పెయింటు గానీ దట్టంగా పూయాలి. లేకపోతే కొసల నుంచి నీరు ముందు పోయి పగులుతుంది. నీడలో, నేలకి జానెడు ఎత్తున, చెక్కకీ చెక్కకీ మధ్య సమానమైన బద్దలు పెట్టి, పైన బరువు పెట్టాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది అని మా నాన్నగారి లెక్క. మన సముద్రపు గాలిలో ఎంత ఆరబెట్టినా కొంత తేమ ఉండనే ఉంటుంది. కాబట్టి వెడల్పు చెక్కని చుట్టూ మేకులతో బిగించేయకుండా కదలడానికి కాస్త సందు వదిలి కట్టాలి. పాత తలుపుల్లో దిలాసాని (మధ్యలో ఉండే పలకని) చట్రంలో జిగురు పెట్టకుండా గాడిలో నిలబెట్టేది ఇందుకే.

ఈ పనులన్నీ మేము చేసుకుంటాం. ఆరబెట్టే ఓపిక ఉంది, మేకులు పీకే ఓపిక ఉంది, ధర ఇవ్వడానికీ సిద్ధంగా ఉన్నాం. మిల్లులో ఒక అర, డిపోలో ఒక గది, సచివాలయంలో ఒక కాగితం, వేలం షరతుల్లో ఒక వాక్యం, అడుగుతున్నవి ఇవే. వీటిలో చివరిది అన్నిటికన్నా తొందర. ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో మనకి తుపాన్ల కాలం. ఆలోపు పంచాయతీలు తమ వేలం కాగితాల్లో "మొదలు భాగాన్ని నాలుగడుగుల కన్నా పొట్టిగా కోయరాదు" అని రాసుకుంటే, ఈసారి గాలికి పడే చెట్లయినా మాకు దక్కుతాయి. జిల్లా పంచాయతీ అధికారులు మీ పత్రిక చదువుతారని తెలుసు కాబట్టి వారికి కూడా ఇదే నా విన్నపం.

ఇట్లు,
ఒక వడ్రంగి కూతురు,
పెనుగొండ మండలం, పశ్చిమ గోదావరి జిల్లా